కంటబడని పెట్టెకే పెద్దపీట

ఇల్లు కట్టదలచినవాడు గోడల రంగు కన్న ముందు పునాది లోతును గురించి విచారిస్తాడు. బోరులో మోటారు దింపదలచిన రైతు మోటారు కంపెనీ పేరుతో పాటు స్టార్టరును గురించి, ఫ్యూజును గురించి, తీగ మందాన్ని గురించి నలుగురిని అడిగి తెలుసుకుంటాడు. కాని మన విద్యార్థులు గాని, మన విద్యాలయాలు గాని కంప్యూటరును కొనేటప్పుడు ఈ పాటి వివేకాన్ని చూపడం లేదు. ప్రాసెసరు ఏది, గ్రాఫిక్స్ కార్డు ఏది, అద్దాల క్యాబినెట్‌లో ఎన్ని రంగుల దీపాలు వెలుగుతాయి అన్న ప్రశ్నలకు లభించే గౌరవం, వాటన్నిటికీ కరెంటు అందించే పెట్టెకు లభించడం లేదు. "క్యాబినెట్‌తో కలిపి ఇచ్చేదే చాలును" అని ఆ ముచ్చటను ముగించివేస్తున్నారు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇట్టి కొనుగోళ్లకు సరిగా అతుకుతుంది. కంప్యూటరు కొనేవారు మొదట నిర్ణయించుకోవలసిన వస్తువులలో కరెంటు పెట్టె ఒకటి గాని, చివరకు మిగిలిన చిల్లరతో కొనవలసినది కాదని నా అభిప్రాయం. విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల సంఘ పెద్దల ముందు ఆ అభిప్రాయాన్ని సకారణంగా నివేదించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి ఈ విషయంతో ఏమి పని అని కొందరు అడుగవచ్చు. అర్థం తెలియకుండా ఏ మాటనూ వాడరాదని తరగతి గదిలో చెప్పేవానికి, మన పిల్లల నోట నిత్యం వినిపించే 'యస్.యం.పి.యస్.' అనే మాటకు అర్థం వెదకడం కూడ వృత్తిధర్మమే. 'స్విచ్డ్ మోడ్ పవర్ సప్లయి' అన్న పేరుకు ఇది పొట్టిరూపం. గోడలోని సాకెట్టు నుండి వచ్చేది సెకనుకు 50 ఆవృత్తులతో అటూ ఇటూ ఊగే 230 వోల్టుల విద్యుత్తు. కంప్యూటరు లోపలి భాగాలకు కావలసినది ఒకే దిశలో నిలకడగా ప్రవహించే 12, 5, 3.3 వోల్టుల విద్యుత్తు. మొదటిదానిని రెండవదానిగా మార్చి, ఏ భాగానికి ఎంత కావలెనో అంత పంచడం ఈ పెట్టె చేసే పని. ఇది సరిగా పని చేసినన్నాళ్లు దాని ఉనికి ఎవరికీ తెలియదు. చెడిపోయిన నాడు మాత్రం కొన్ని సందర్భాలలో అది ఒంటరిగా పోదు. మదర్‌బోర్డును, గ్రాఫిక్స్ కార్డును, ఏళ్ల తరబడి దాచుకున్న సమాచారాన్ని కూడ వెంట తీసుకొని పోతుంది.

ఆటల కోసం కొనే కంప్యూటరుకు ఇంత చర్చ అవసరమా అని పెద్దలు ముఖం చిట్లించవచ్చు. ఆట ఎంతసేపు ఆడవలెను అన్నది వేరే చర్చ; దానిని తల్లిదండ్రులకే వదలిపెడుతున్నాను. కాని ఆటలను నడిపించగల శక్తిమంతమైన యంత్రమే బొమ్మల చిత్రాలను గీస్తుంది, ఇంజనీరింగ్ నమూనాలను తయారు చేస్తుంది, కృత్రిమ మేధకు సంబంధించిన అభ్యాసాలను చేయిస్తుంది. 2012లో విడుదలైన 'ఈగ' చిత్రంలోని ఈగను తెర మీద ఎగురవేసినది హైదరాబాదులోని మకుట సంస్థ వారి కంప్యూటర్లే. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడలలో కంప్యూటరు ఆటలకు పతకాలు కూడ ఇచ్చారు. కావున జగదేవ్‌పూర్ వంటి మండల కేంద్రంలోని విద్యార్థి ఇట్టి యంత్రాన్ని కోరుకోవడం గొంతెమ్మ కోరిక కాదు. పత్తి అమ్మిన డబ్బుతోనో, అన్నగారు పట్నం నుండి పంపిన డబ్బుతోనో కొనే ఆ యంత్రం పది కాలాలు నిలవవలెనన్నదే నా ఆరాటం.

ఈ సమస్య ఇదివరకు ఇంత పెద్దది కాదు. 1981లో ఐ.బి.యం. సంస్థ వెలువరించిన తొలి 'పర్సనల్ కంప్యూటరు'కు అమర్చిన కరెంటు పెట్టె శక్తి కేవలం 63.5 వాట్లు. ఇంట్లో వెలిగే ఒక పాతకాలపు బల్బు తీసుకునేంత కరెంటు అది. 2022 అక్టోబరులో ఎన్విడియా సంస్థ విడుదల చేసిన ఆర్.టి.ఎక్స్. 4090 అనే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 450 వాట్లను కోరింది. 2025 జనవరిలో వచ్చిన 5090 కార్డు 575 వాట్లను కోరుతున్నది. అనగా తొలి కంప్యూటర్లు తొమ్మిదింటికి సరిపోయే కరెంటును నేడు కంప్యూటరులోని ఒక్క అవయవమే ఆరగిస్తున్నది. ఆకలి ఇంతగా పెరిగిన తరువాత కూడ వడ్డించే గరిటెను గురించి ఆలోచించకపోవడం తెలివి కాదు.

మరి ఎన్ని వాట్ల పెట్టె కావలెను? దీనికి కావలసినది కూడిక మాత్రమే. మధ్యతరగతి యంత్రాన్ని తీసుకుందాం. ఆర్.టి.ఎక్స్. 4060 కార్డుకు 115 వాట్లు. రైజెన్ 5 7600 ప్రాసెసరు గరిష్ఠంగా తీసుకునేది 88 వాట్లు. మదర్‌బోర్డు, మెమరీ, డిస్కులు, పంకాలు అన్నిటికీ కలిపి 75 వాట్లు వేసుకుందాం. మొత్తం 278 వాట్లు. దీనికి 550 వాట్ల పెట్టె ధారాళంగా సరిపోతుంది. కార్డును తయారు చేసినవారు సూచించిన సంఖ్య కూడ అదే. ఇక ఉన్నత శ్రేణి యంత్రాన్ని చూడండి. 5090 కార్డుకు 575, ఇంటెల్ ఐ9 14900కె ప్రాసెసరుకు గరిష్ఠంగా 253, తక్కిన వాటికి 100. మొత్తం 928 వాట్లు. ఈ కార్డుకు కనీసం 1000 వాట్ల పెట్టె ఉండవలెనని తయారీదారులే చెప్పారు. ఇట్టి ప్రాసెసరుతో జతపరచినప్పుడు 1200 ఉండడం మేలు. మొదటి యంత్రానికి 1200 వాట్ల పెట్టె కొనడం దుబారా. రెండవ యంత్రానికి 650 వాట్ల పెట్టె కొనడం సాహసం. పక్కింటి అబ్బాయి కొన్నది చూసి కొనే బదులు ఒక కాగితం మీద ఈ కూడిక వేసుకుంటే రెండు దోషాలూ తప్పుతాయి.

కూడిక అయిన తరువాత ఇంకొక మెలిక ఉన్నది. నేటి గ్రాఫిక్స్ కార్డులు కరెంటును ఒకే తీరుగా తీసుకోవు. ఆటలో ఒక్కసారిగా దృశ్యం మారినప్పుడు, రెప్పపాటులో వెయ్యవ వంతు కాలం పాటు, చెప్పిన దానికి దాదాపు రెట్టింపు కరెంటును లాగగలవు. ఇందువల్లనే 2022 ఫిబ్రవరిలో ఇంటెల్ సంస్థ 'ఏ.టి.ఎక్స్. 3.0' అనే కొత్త ప్రమాణాన్ని ప్రకటించింది. ఆ ప్రమాణానికి తగిన పెద్ద పెట్టెలు తమ శక్తికి రెట్టింపు భారాన్ని సెకనులో పదివేలవ వంతు కాలం పాటు తట్టుకోవలెను. 2023లో దీనికి 3.1 అనే సవరణ కూడ వచ్చింది. ఉన్నత శ్రేణి కార్డును కొనేవారు పెట్టె మీద ఈ అంకె ఉన్నదో లేదో చూడవలెను.

అంతకన్న ముఖ్యమైనది పెట్టె పక్కన అంటించిన పట్టికను చదవడం. అట్ట మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసిన సంఖ్యను నమ్మరాదు. నేటి కంప్యూటరులో ప్రాసెసరు గాని, గ్రాఫిక్స్ కార్డు గాని ప్రధానంగా బ్రతికేది 12 వోల్టుల పాయ మీదనే. కావున ఆ గడిలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నదో చూసి 12తో గుణించండి. అట్ట మీద 450 వాట్లని ఉండి, ఆ గడిలో 16 ఆంపియర్లని ఉంటే, అక్కరకు వచ్చే శక్తి 192 వాట్లే. మిగిలినదంతా 5, 3.3 వోల్టుల పాయలలో చూపిన లెక్క. ఈనాటి యంత్రానికి దానితో పెద్దగా పని లేదు. మంచి పెట్టెలలో 12 వోల్టుల పాయ శక్తి మొత్తం శక్తికి దాదాపు సమానంగా ఉంటుంది. మన పిల్లలు ఎనిమిదవ తరగతిలోపే నేర్చిన గుణకారం ఇక్కడ వేల రూపాయలను కాపాడుతుంది.

పెట్టెల మీద కంచు, వెండి, బంగారు పేర్లతో '80 ప్లస్' ముద్రలు కనబడతాయి. 2004లో అమెరికాలో మొదలైన ఈ పథకం సామర్థ్యాన్ని కొలుస్తుంది. సగం భారం మీద 115 వోల్టుల పరీక్షలో సాధారణ ముద్రకు 80 శాతం, కంచుకు 85, బంగారానికి 90 శాతం సామర్థ్యం ఉండవలెను. దీని ఫలితాన్ని లెక్కకట్టి చూద్దాం. కంప్యూటరు లోపల 500 వాట్లు వినియోగమవుతున్నదనుకోండి. 80 శాతం సామర్థ్యం గల పెట్టె గోడ నుండి 625 వాట్లు తీసుకుంటుంది. 90 శాతం గలది 556 తీసుకుంటుంది. తేడా 69 వాట్లు. రోజుకు నాలుగు గంటలు పని చేస్తే ఏడాదికి సుమారు 100 యూనిట్లు ఆదా. ఆ తేడా అంతా బిల్లులోనే గాక గదిలో వేడి రూపంలో కూడ కనబడుతుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో అది చిన్న విషయం కాదు. ఎందుకనగా లోపలి కెపాసిటర్ల ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా వాటి ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుందని ఇంజనీర్లు లెక్కవేస్తారు. ఐతే ఒక్క మాట. ఈ ముద్ర పొదుపును కొలుస్తుంది గాని భద్రతను కొలవదు. వోల్టేజి పెరిగినా, భారం మించినా, తీగలు కలిసిపోయినా, వేడి హెచ్చినా తనంత తాను ఆగిపోయే రక్షణలు పెట్టెలో ఉన్నవా అని విడిగా విచారించవలసిందే.

కంపెనీ పేరును మాత్రమే నమ్ముకున్నా చాలదని 2021లో జరిగిన ఒక సంఘటన నిరూపించింది. పేరున్న గిగాబైట్ సంస్థ తయారు చేసిన 750, 850 వాట్ల రెండు నమూనాలు అధిక భారపు పరీక్షలలో పేలిపోయినట్లు విమర్శకులు చూపారు. ఆ ఏడాది ఆగస్టులో సంస్థ వాటిని మార్చి ఇస్తామని ప్రకటించి, అధిక భారం మీద ఆగిపోయే హద్దును 120-150 శాతం నుండి 110-120 శాతానికి తగ్గించింది. ఇందులో గ్రహించవలసిన నీతి ఏమనగా, విచారించవలసినది ఇంటిపేరును మాత్రమే కాదు, మనిషిని; కంపెనీని మాత్రమే కాదు, ఆ నమూనాను.

తీగలను గురించి కూడ ఒక మాట చెప్పవలెను. కొత్త కార్డులకు 16 సూదుల చిన్న ప్లగ్గు ఒకటి వచ్చింది. అది 600 వాట్ల వరకు మోయవలెను. 600ను 12తో భాగిస్తే 50 ఆంపియర్లు. మన పొలాలలో నీరు తోడే ఐదు హార్స్‌పవర్ల త్రీఫేజు మోటారు ఒక్కొక్క ఫేజులో తీసుకునేది సుమారు ఏడెనిమిది ఆంపియర్లే! బొటనవ్రేలంత ప్లగ్గులో, ఆరు జతల సూదుల మధ్య, అంతకు ఆరు రెట్ల కరెంటు పారుతున్నదని విద్యార్థులు ఊహించుకోవలెను. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందన్న జౌల్ సూత్రాన్ని పరీక్షల కోసమే చదివి మరచిపోరాదు. 2022లో ఇట్టి ప్లగ్గులు కరిగిపోయాయన్న ఫిర్యాదులు వచ్చినప్పుడు, ప్రపంచం మొత్తం మీద సుమారు 50 సందర్భాలు తమ దృష్టికి వచ్చాయనీ, ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగకపోవడమే వాటిలో కనిపించిన సామాన్య కారణమనీ ఎన్విడియా తెలిపింది. తరువాత ప్లగ్గు సరిగా దిగనిదే కార్డుకు పూర్తి కరెంటు అందని విధంగా ఆ ప్రమాణాన్ని సవరించారు. కావున ప్లగ్గును చివరిదాకా నొక్కడం, దాని మెడ దగ్గరే తీగను మడవకపోవడం అవసరం. ఒక పెట్టెకు చెందిన విడి తీగలను మరొక కంపెనీ పెట్టెకు తగిలించడం అసలే పనికిరాదు. చూడటానికి ప్లగ్గులు ఒక్కటిగానే ఉన్నా, లోపలి సూదుల వరుస వేరుగా ఉండి డిస్కులు కాలిపోతాయి.

ఇక మన ఊరి కరెంటు మాట. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు ఇవ్వడం మొదలైన సంగతి అందరికీ తెలిసినదే. ఐతే కరెంటు ఉండే గంటలు వేరు, దాని నాణ్యత వేరు. లైను చివరి ఇండ్లలో, మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళ వోల్టేజి పడిపోవడం పల్లెలలో నివసించేవారికి కొత్త కాదు. ఇట్టి చోట కొనే పెట్టె మీద 'ఇన్‌పుట్' గడిలో 200-240 అని గాక 100-240 వోల్టులని ఉండవలెను. అట్టి పెట్టె తక్కువ వోల్టేజిలో కూడ తొణకకుండ పని చేస్తుంది. వేరుగా స్టెబిలైజరు అక్కర ఉండదు. చౌక పెట్టెల వెనుక కనబడే ఎర్ర స్విచ్చిని పొరపాటున 115 వైపు జరిపితే మన 230 వోల్టులకు పెట్టె పేలుతుంది.

క్యాబినెట్‌ను ముట్టుకుంటే చేయి జివ్వుమంటున్నదని విద్యార్థులు చెప్పుకోవడం వింటుంటాము. దీనికి కారణం తరచుగా పెట్టె కాదు, గోడ. కరెంటు పెట్టెలోని వడపోత భాగం స్వల్పమైన విద్యుత్తును క్యాబినెట్ రేకు లోనికి వదులుతుంది. దానిని భూమిలోనికి పంపేందుకే మూడవ సూది ఉన్నది. ఆ సూది వెనుక ఎర్తు తీగ లేకపోతే రేకు మీద దాదాపు సగం వోల్టేజి నిలిచి ఉంటుంది. లక్ష రూపాయల యంత్రాన్ని కొని, ఎర్తు గుంత తవ్వించే కొద్దిపాటి ఖర్చుకు వెనుకాడడం సబబు కాదు.

కరెంటు పోయినప్పుడు ఎంత మంచి పెట్టె అయినా సెకనులో అతి స్వల్పమైన భాగం పాటు మాత్రమే నిలువగలదు. కావున యు.పి.యస్. కావలసిందే. ఐతే సాధారణంగా దొరికే 600 వి.ఏ. యు.పి.యస్. మోయగలిగేది 360 వాట్లు మాత్రమే. ఉన్నత శ్రేణి యంత్రానికి అది చాలదు. పెద్దది తీసుకోవలెను, నాణ్యమైన కరెంటు పెట్టెలకు 'ప్యూర్ సైన్ వేవ్' రకం శ్రేయస్కరం. మరొక హెచ్చరిక: ప్లగ్గు తీసిన తరువాత కూడ పెట్టె లోపలి కెపాసిటరులో ప్రాణాంతకమైన వోల్టేజి కొంతసేపు నిలిచి ఉండగలదు. దానిని విప్పి చూడాలన్న కుతూహలాన్ని విద్యార్థులు విడిచిపెట్టవలెను.

ఇక కళాశాల సంఘ పెద్దలకు నా విన్నపం. ప్రయోగశాలకు కంప్యూటర్లు కొనేటప్పుడు తక్కువ ధర కొటేషనుకే మొగ్గు చూపడం మన విద్యాలయాలలో ఆచారం. ఆ నియమంలో దోషం లేదు. అది ప్రజల డబ్బును, కొనేవారి నిజాయితీని కాపాడేందుకు పుట్టింది. దోషమంతా మనం అడిగే తీరులో ఉన్నది. "ఇన్ని కంప్యూటర్లు కావలెను" అని మాత్రమే రాస్తే, ధర తగ్గించదలచిన వర్తకుడు మొట్టమొదట కత్తెర వేసేది ఎవరి కంటా పడని కరెంటు పెట్టె మీదనే. పెట్టె నమూనా పేరు, 12 వోల్టుల ఆంపియర్లు, సామర్థ్యపు ముద్ర, ఇన్‌పుట్ వోల్టేజి, బి.ఐ.యస్. నమోదు, గ్యారంటీ సంవత్సరాలు కొటేషనులోనే విడిగా రాయించినట్లయితే, సమానమైన వస్తువుల నడుమనే ధరల పోటీ జరుగుతుంది. దానితో పాటు వేసవి సెలవులు ముగిసేలోగా ప్రతి సంవత్సరం ప్రయోగశాల ఎర్తును పరీక్షింపజేసి, ఆ తేదీని తలుపు దగ్గర రాసి పెట్టించవలెను. ఒకే గదిలో ముప్పై మంది పిల్లలు కూర్చునే చోట ఇది అలంకారం కాదు, కర్తవ్యం.

ఇంత ఖర్చు పేదవానికి సాధ్యమా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. లక్ష రూపాయల యంత్రంలో ఏడెనిమిది వేలు ఈ పెట్టెకు కేటాయించడమంటే గ్రాఫిక్స్ కార్డు విషయంలో ఒక మెట్టు దిగవలసి రావచ్చును. నేను దిగమనే చెబుతాను. కార్డు రెండు మూడేళ్లలో పాతబడుతుంది. మంచి పెట్టెకు ఐదు నుండి పదేళ్ల గ్యారంటీ ఉంటుంది. యంత్రాన్ని మార్చినా అది తరువాతి యంత్రానికి పనికివస్తుంది. వెయ్యి రూపాయల లోపు పెట్టె పాడైతే జగదేవ్‌పూర్ నుండి సికింద్రాబాదు దాకా పోయి రావడానికి అయ్యే బస్సు చార్జీలు, పోయిన చదువు రోజులు కూడ దాని ధరలోనే కలుపుకొని లెక్కించవలెను. "మహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్" అని మన ఇండ్లలో పెద్దలు అనే ఉర్దూ సామెత ఉన్నది. ప్రియమైనది కొన్నవాడు ఒక్కసారి ఏడుస్తాడు, చౌక కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడని దాని భావం.

విద్యార్థి మిత్రులారా! ఈసారి మీలో ఎవరైనా సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయినప్పుడు, దీపాల క్యాబినెట్‌ను చూపమని అడుగకముందే కరెంటు పెట్టెను చేతికిమ్మని అడగండి. పక్కనున్న పట్టికను చదవండి. 12 వోల్టుల గడిలోని ఆంపియర్లను గుణించండి. ఇన్‌పుట్ గడిలో 100 అన్న అంకె ఉన్నదేమో చూడండి. తొందరపెట్టే వర్తకుడు ఎదుట ఉన్నా సరే, ఆ రెండు నిమిషాలు తీసుకోవడానికి మొగమాటపడకండి. మీ ఇంటివారు కష్టపడి కూడబెట్టిన సొమ్ము ఎన్నాళ్లు నిలుస్తుందో ఆ రెండు నిమిషాలలోనే తేలిపోతుంది.